మింట్ కాకుంటే మరి ఏది? పాత డెస్క్‌టాప్ మీద హైకూ, గోస్ట్‌బీఎస్‌డీ, డెబియన్

తీర్పు ముందే చెప్పేస్తా, అంతా చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. విండోస్ బదులు ఉచితంగా వేసుకునే ఆపరేటింగ్ సిస్టమ్‌లలో (ఓఎస్) లైనక్స్ మింట్ తర్వాత నా ఓటు డెబియన్‌కు. అసలు లైనక్సే వద్దనుకుంటే గోస్ట్‌బీఎస్‌డీ. హైకూ చూసి మురిసిపోవడానికి బాగుంటుంది, తెలుగులో పని చేసుకోవడానికి మాత్రం ఇంకా పనికిరాదు.

ఇక వివరంగా. నాది బడిపంతులు ఉద్యోగం. దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తా, ఉండేది నల్గొండలో. ఇంట్లో కంప్యూటర్‌తో నాకుండే పనులు పెద్దవేం కావు. ఎఫ్‌ఏలకు, స్లిప్ టెస్టులకు ప్రశ్నపత్రాలు తయారు చేయడం, మార్కుల లిస్టులు, హెచ్ఎం సార్ రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో పంపి పొద్దున్నకల్లా కావాలనే ప్రొఫార్మాలు. మా పాప ఇంటర్ చదువుతోంది కాబట్టి సాయంత్రం నుంచి యూట్యూబ్ క్లాసులకు కంప్యూటర్ తనది. ఇంటెల్ మూడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ తీసేసి 240 జీబీ ఎస్ఎస్‌డీ వేయించాను. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో ఎనిమిదో తరం, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉంటేనే వస్తానంటుంది. మంచిగా నడుస్తున్న పెట్టెను ఆ కారణంతో తుక్కుకు వేయలేం కదా, అందుకే చాలా కాలంగా దీంట్లో మింటే.

మింట్ బాగానే ఉంటే వేరేదెందుకని మీరు అడగొచ్చు. మింట్ సొంతంగా నిలబడింది కాదు, అదీ విషయం. 2006లో మొదలైనప్పటి నుంచి ప్రధాన ఎడిషన్ ఉబుంటు మీద కడుతున్నారు, ఉబుంటును డెబియన్ మీద కడుతున్నారు. అంటే మనం ఉండేది పై అంతస్తులో, కింద పోర్షన్ వాళ్ళు గోడ జరిపితే మన వంటిల్లు మారిపోతుంది. ఉబుంటు 22.04లో ఫైర్‌ఫాక్స్‌ను స్నాప్ (ఉబుంటు వాళ్ళ సొంత ప్యాకేజీ పద్ధతి) చేసేశారు. మింట్ వాళ్ళు అంతకుముందే, 2020లో వచ్చిన మింట్ 20 నుంచే, స్నాప్ దానంతటది ఇన్‌స్టాల్ కాకుండా అడ్డుకట్ట వేసి, తర్వాత ఫైర్‌ఫాక్స్, క్రోమియం బ్రౌజర్ల ప్యాకేజీలు సొంతంగా ఇస్తున్నారు. మెచ్చుకోవాల్సిన పనే, కానీ ప్రతిసారీ ఇలా ఎదురీదడం చిన్న టీమ్‌కు ఎంత కష్టమో ఆలోచించండి. ఉబుంటు ఎప్పుడైనా లేకుండా పోతే మింట్ ఆగిపోకూడదనే ఎల్ఎండీఈ అని డెబియన్ మీద ఇంకో ఎడిషన్ కూడా వాళ్ళే నడుపుతున్నారు. మింట్ వాళ్ళకే ఆ ఆలోచన ఉన్నప్పుడు మనకెందుకు ఉండకూడదు?

పైగా డిస్ట్రోలు (మింట్, డెబియన్ లాంటి లైనక్స్ రకాలు) ఆగిపోవడం కొత్తేం కాదు. సెంటోస్ 8 అయితే 2029 దాకా ఉంటుందని నమ్మి సర్వర్ల మీద వేసుకున్నవాళ్ళకు 2020 డిసెంబర్‌లో కబురు వచ్చింది, 2021 ఆఖరుకే సపోర్ట్ బంద్ అని. 2025 జూలైలో ఇంటెల్ తన క్లియర్ లైనక్స్‌ను ఆపేసింది. ఉద్యోగం చేసే సిస్టమ్ అడ్మిన్లు ఏదో ఒకటి చూసుకుంటారు, ఆల్మా, రాకీ అనేవి అట్లా పుట్టినవే. మనలాంటి ఇంటి వాడకందార్లకు ఆ హడావుడి రోజున పరీక్ష పేపర్ ఉందంటే పరేషానే.

ఎల్ఎండీఈని ఈ పోటీలో పెట్టలేదు. మింట్ లేకపోతే అన్న ప్రశ్నకు మింట్ అనే జవాబు చెల్లదు. ఫెడోరా నాణ్యంగా ఉంటుంది, కానీ ఒక్కో వెర్షన్‌కు పదమూడు నెలల దాకే సపోర్ట్, ఏడాది తిరిగేసరికి మళ్ళీ అప్‌గ్రేడ్ పని పెట్టుకునే తీరిక నాకు లేదు. ఆర్చ్ లాంటి, ఎప్పటికప్పుడు కొత్తవి వస్తూనే ఉండే రోలింగ్ డిస్ట్రోలు ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే ఇళ్ళకు కావు, రోజువారీ డేటా అంతా వాటి అప్‌డేట్లకే సరి. క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్, 2022 జూలైలో వచ్చింది, ఇలాంటి పాత పెట్టెల కోసమే గూగుల్ ఇస్తున్నది. కానీ ప్లే స్టోర్ లేదు, గూగుల్ ఖాతా లేకుండా గెస్ట్‌గా తప్ప వాడలేం, నెట్ పోయిందంటే సగం పని ఆగినట్టే. పాప క్లాసుల వరకైతే అది చాలు. నాకు చాలదు.

నా పరీక్ష ఒకటే: తెలుగు ప్రశ్నపత్రం కీబోర్డ్ దగ్గర మొదలై కాగితం మీదికి సరిగ్గా దిగాలి. డెస్క్‌టాప్ ఎంత అందంగా ఉందో, కిటికీలు ఎలా ఊగుతాయో తర్వాతి ముచ్చట. ఒత్తులు సరిగ్గా పడాలి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ (భారతీయ భాషలకు ప్రభుత్వం పెట్టిన లేఅవుట్) పనిచేయాలి, ప్రింటర్ కదలాలి, నెట్ రావాలి. రివ్యూలు చదివితే ర్యామ్ ఎంత తింటుంది, బూట్ ఎన్ని సెకన్లు అని గ్రాఫులు ఉంటాయి కానీ తెలుగు ఎలా కనిపిస్తుందో ఒక్కరూ రాయరు. వాళ్ళ తప్పేం లేదు, మనం రాసుకోవాల్సింది మనమే.

హైకూతో మొదలుపెడతా, ఎందుకంటే దాని మీద నాకు ప్రేమ ఎక్కువ. ఇది లైనక్స్ కాదు. తొంభైల్లో బీఓఎస్ అని ఒకటి ఉండేది, ఆ కంపెనీ ఆస్తులు 2001లో పామ్‌కు అమ్ముడుపోయాక దాని అభిమానులు మళ్ళీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టారు, 2004లో హైకూ అని పేరు పెట్టుకున్నారు, 2024 సెప్టెంబర్‌లో ఐదో బీటా (ఇంకా పూర్తికాని, పరీక్షకు ఇచ్చే వెర్షన్) వచ్చింది. ఇరవై ఏళ్ళకు పైగా బీటా దాకే వచ్చారా అని నవ్వకండి, వాడి చూడండి. స్విచ్ నొక్కి కుర్చీ ముందుకు జరుపుకునేలోపు డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. 384 ఎంబీ ర్యామ్ ఉన్నా నడుస్తుందని వాళ్ళే రాసుకున్నారు, 4 జీబీ దానికి రాజభోగం. కిటికీల మీద పసుపు రంగు ట్యాబ్ ఉంటుంది, రెండు కిటికీలను అంటిస్తే ఒక్కటిగా కదులుతాయి. ఫైళ్ళకు మనమే లక్షణాలు తగిలించి, వాటి మీద వెతుక్కోవచ్చు. అంటే పదో తరగతి, ఎఫ్‌ఏ-2, తెలుగు మీడియం అని గుర్తులు పెట్టుకుంటే ఏ ఫోల్డర్‌లో ఉన్నా ఆ పేపర్లన్నీ ఒకచోట కనిపిస్తాయి. ఇంత హాయిగా ఫైళ్ళు సర్దుకునే ఏర్పాటు నాకు మింట్‌లో లేదు.

అంతా బాగుంది, పెన్‌డ్రైవ్ పెట్టాను, ఫైల్ పేర్లు చూశాను, ఉసూరుమనిపించింది. పదో తరగతి త్రికోణమితి పేపర్ ఫైల్ పేరులో త కింద ర ఒత్తు లేదు. త మీద పొల్లు, పక్కన రి. దాంట్లోనే ఉండే స్టైల్డ్‌ఎడిట్‌లో నల్గొండ అని ఉన్న ఫైల్ తెరిస్తే ల కింద గ ఒత్తు రావాల్సిన చోట ల్ వేరు, గొ వేరు. చదవొచ్చు, ఒకటో తరగతి పిల్లలు కూడబలుక్కున్నట్టు చదవొచ్చు. కారణం ఏమిటంటే, మన లిపిలో అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే సరిపోదు, ఏ అక్షరం పక్కన ఏది వస్తే ఏ ఆకారం తీసుకోవాలో ముందు లెక్కగట్టి తర్వాత గీయాలి. లైనక్స్ ప్రోగ్రామ్‌లలో ఈ లెక్క హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చూసుకుంటుంది. హైకూ తన సొంత కిటికీల్లో ఆ లెక్క చేయదు. లిబ్రేఆఫీస్ లాంటివి బయటి నుంచి తెచ్చి వేసుకుంటే అవి తమ ఏర్పాటు తామే తెచ్చుకుంటాయి కాబట్టి వాటి లోపల కొంత నయం, కానీ మెనూలు, ఫైల్ పేర్లు, మామూలు ఎడిటర్, అన్నిచోట్లా తెలుగు ముక్కలుగా కనిపిస్తుంటే ఎంతసేపని కళ్ళు చికిలించుకుని కూర్చుంటాం? ఇంగ్లిష్ మాత్రమే టైప్ చేసేవాళ్ళు నా మాట పట్టించుకోవద్దు, తప్పకుండా వేసి చూడండి. ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది.

గోస్ట్‌బీఎస్‌డీ దగ్గర నేను ఊహించింది ఒకటి, జరిగింది ఒకటి. బీఎస్‌డీ (లైనక్స్ లాగే యూనిక్స్ తరహా ఓఎస్‌ల కుటుంబం) అనగానే నల్ల తెర, తెల్ల అక్షరాలు, గడ్డం పెంచినోళ్ళు వాడేది అనే అభిప్రాయం చాలామందికి ఉంది. ఇది ఫ్రీబీఎస్‌డీ మీద మాటే (MATE) అనే డెస్క్‌టాప్ పెట్టి ఇచ్చే సిస్టమ్. మింట్ మాటే ఎడిషన్ వాడినవాళ్ళకు తేడా తెలియడానికే కాసేపు పడుతుంది. ఇన్‌స్టాలర్ సులువు. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ రెండూ మనకు తెలిసినవే, ఒత్తులు పక్కాగా పడతాయి. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో లేఅవుట్ల జాబితా తెరిచి తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ వచ్చేస్తుంది, వేరే సాఫ్ట్‌వేర్ ఏదీ వేయనక్కర్లేదు. లోపల కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) వేరైనా పైన కీబోర్డ్ లేఅవుట్ల మూట లైనక్స్‌లో ఉండేదే.

దీంట్లో నాకు నచ్చింది జెడ్‌ఎఫ్‌ఎస్, అంటే డిస్క్ మీద ఫైళ్ళు దాచే పద్ధతి (ఫైల్‌సిస్టమ్). అప్‌డేట్ చేసే ముందు బూట్ ఎన్విరాన్‌మెంట్ (అప్పటి సిస్టమ్ నకలు) ఒకటి పెట్టుకుంటే, అప్‌డేట్ తర్వాత ఏదైనా తేడా కొట్టిందనుకోండి, మళ్ళీ ఆన్ చేసినప్పుడు మొదట వచ్చే మెనూలోనే పాతదాన్ని ఎంచుకుని నిన్నటి సిస్టమ్‌లోకి వెళ్ళిపోవచ్చు. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ చేసేది ఇలాంటి పనే గానీ ఇక్కడ క్షణాల్లో అయిపోతుంది, చోటు కూడా మారిన దానికే పడుతుంది. ఇంకోటి, వానాకాలం ముందు గాలిదుమారం లేచినప్పుడు మా గల్లీలో కరెంటు ఎట్లా పోతుందో మీకు తెలుసు, మా యూపీఎస్ బ్యాటరీ పేరుకే ఉంది. జెడ్‌ఎఫ్‌ఎస్ పాత డేటా మీద నేరుగా రాయదు, కొత్తచోట రాసి ఆ తర్వాతే దానివైపు తిప్పుకుంటుంది, అందుకే దబ్బున ఆగిపోయినా ఫైల్‌సిస్టమ్ చెదరదు. సేవ్ చేయని పేపర్ పోతే మాత్రం పోయినట్టే, దానికి ఏ ఫైల్‌సిస్టమూ ఏం చేయలేదు. 4 జీబీ ర్యామ్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ తన కాష్ (చేతికందేలా పెట్టుకునే డేటా) కోసం గట్టిగానే తీసుకుంటుంది, అడిగితే తిరిగి ఇస్తుంది. బ్రౌజర్‌లో ట్యాబులు పెరిగితే ఆ ఇచ్చిపుచ్చుకోవడం తెలుస్తూనే ఉంటుంది.

సతాయించింది వైఫై. నా డెస్క్‌టాప్‌కు వైఫై కార్డు లేదు, కరివేపాకు ఆకంత యూఎస్‌బీ డాంగిల్ ఒకటి కొన్నాను, లోపలి చిప్ ఎవరిదో డబ్బా మీద రాసి ఉండదు. మింట్‌లో పెట్టగానే వెలిగేది, ఇక్కడ చలనం లేదు. ఫ్రీబీఎస్‌డీ వైపు ఇంటెల్ కార్డులకు పరవాలేదు, యూఎస్‌బీ డాంగిళ్ళలో సపోర్ట్ ఉన్నవి కొన్నే. వైర్ లాగిన ఇల్లయితే సమస్యే లేదు. నేను చేసింది ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయడం. కొత్త నెట్‌వర్క్ పోర్టు యూఈ0 అని కనిపించింది, దానికి అడ్రస్ ఇప్పించగానే నెట్ వచ్చింది. వేగం బాగానే ఉంది, ఫోన్ మాత్రం టేబుల్ దగ్గర కట్టేసినట్టు ఉండాలి. ఇంట్లోవాళ్ళు ఫోన్ చేసినప్పుడల్లా లేచి వచ్చి మాట్లాడాలి.

ప్రింటర్ ముచ్చట ఇంకా ఉంది. మన ఊళ్ళలో ప్రతి జిరాక్స్ షాపులో, ప్రతి స్కూల్ ఆఫీసులో కనిపించే చిన్న లేజర్ ప్రింటర్లలో చాలావరకు సొంత బుర్ర లేనివి, పేజీని చుక్కలుగా మార్చే పని అంతా కంప్యూటరే చేసి పంపాలి. దానికి కంపెనీ ఇచ్చిన డ్రైవర్ ఉండాలి. కంపెనీలు విండోస్‌కు ఇస్తాయి, బతిమాలితే లైనక్స్‌కు ఇస్తాయి, బీఎస్‌డీ అనే పేరే తలవవు. పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ అనే ప్రింటర్ భాషలు అర్థమయ్యే ప్రింటర్ ఉన్నవాళ్ళకు కప్స్ అనే ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్‌తో పని అయిపోతుంది, మా ఇంట్లోది అట్లాంటిది కాదు. అందుకని గోస్ట్‌బీఎస్‌డీ మీద చేసిన పేపర్‌ను పీడీఎఫ్ చేసి ప్రకాశం బజార్‌లో జిరాక్స్ షాపుకు పట్టుకుపోయాను. అక్కడి పిల్లగాడు పెన్‌డ్రైవ్ తీసుకుంటూనే అడిగాడు:

"సార్, అనుల చేసిర్రా, యూనికోడ్ల చేసిర్రా?"

"పీడీఎఫ్ ఉన్నది బాబూ, ఏం మార్చే పని లేదు, తీసియ్యి."

"గట్లయితే మంచిదే సార్. యూనికోడ్ ఫైల్ తెస్తే పేజ్‌మేకర్ల డబ్బాలే వస్తయి."

నిజమే, డీటీపీ షాపుల్లో పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలు, కరపత్రాలు అన్నీ ఇంకా పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీదే నడుస్తున్నాయి, అవి యూనికోడ్‌కు (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదివే అక్షరాల కోడ్) ముందు కాలానివి, విండోస్ మీదే ఆడతాయి. మీ పని అదైతే ఈ రివ్యూలో దేనితోనూ మీకు పని లేదు, ఉన్నదాన్ని ముట్టుకోకండి. మిగతావాళ్ళు ఏ ఓఎస్ వాడినా బయట ప్రింట్‌కు పీడీఎఫే పట్టుకుపోండి. నేను మండలి, రామభద్ర ఫాంట్లు వాడతా, అవతలి కంప్యూటర్‌లో అవి లేకపోతే ఒక్క పేజీ పేపర్ రెండో పేజీలోకి జారిపోతుంది.

ఇక డెబియన్. 1993 నుంచి ఉంది, కంపెనీ కాదు, వలంటీర్లు నడుపుతారు. 2025 ఆగస్టు 9న వచ్చిన 13వ వెర్షన్, ట్రిక్సీ, వేశాను, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో. ఒకప్పుడు డెబియన్ అంటే భయం ఎందుకుండేదంటే వైఫై ఫర్మ్‌వేర్ (కార్డు నడవడానికి కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాలర్‌లో ఉండేది కాదు, నెట్ కావాలంటే ఫర్మ్‌వేర్ కావాలి, ఫర్మ్‌వేర్ కావాలంటే నెట్ కావాలి. 2022లో ఓటింగ్ పెట్టుకుని సోర్స్ బయటపెట్టని సాఫ్ట్‌వేర్ ఇవ్వమన్న పట్టుదల సడలించారు, 2023లో వచ్చిన 12 నుంచి మామూలు ఇన్‌స్టాలర్‌లోనే ఇస్తున్నారు. నా కరివేపాకు డాంగిల్ మొదటి తెర నుంచే పనిచేసింది.

గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో భాషల జాబితాలో తెలుగు ఉంది, ఎంచుకుంటే ప్రశ్నలన్నీ తెలుగులోనే అడుగుతుంది. అక్కడి తెలుగు కొంచెం పుస్తకాల తెలుగు, అయినా మా నాన్న పక్కన కూర్చుని చదివి ఇది దేని గురించి అడుగుతుందిరా అన్నాడు, ఇంగ్లిష్‌లో ఉంటే ఆ మాత్రం కూడా అడిగేవాడు కాదు. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. రూట్ (అన్ని హక్కులున్న అడ్మిన్ ఖాతా) పాస్‌వర్డ్ అడిగే తెర వస్తుంది, దాన్ని ఖాళీగా వదిలేయండి. వదిలేస్తే మీ ఖాతాకే మింట్‌లో లాగా సుడో (అడ్మిన్ పనులు చేసే) హక్కు వస్తుంది. నింపితే రూట్ వేరే ఖాతా అయిపోతుంది, తర్వాత ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే మీ పేరు సుడోయర్స్‌లో లేదని మొహం మీదే చెప్తుంది. ఇంకోటి, డీవీడీ ఇమేజ్‌తో వేసుకున్నవాళ్ళకు సాఫ్ట్‌వేర్ వేసేటప్పుడు డిస్క్ పెట్టమని అడుగుతుంటుంది. సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి తేవాలో రాసి ఉండే సోర్సుల ఫైల్‌లో సీడీరోమ్ అని ఉన్న వరుస తీసేస్తే ఆ కిరికిరి పోతుంది.

తెలుగు ఎంచుకున్నామంటే తెలుగు ఫాంట్ల సరంజామా అదే తెచ్చుకుంటుంది. ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీ వేసుకుంటే పోతన, వేమన ఫాంట్లు కూడా వస్తాయి. టైపింగ్‌కు ఐబస్, ఎం17ఎన్ అనే సాఫ్ట్‌వేర్లు పెట్టుకుంటే ఇన్‌స్క్రిప్ట్ ఒక్కటే కాదు, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్, ఆపిల్ లేఅవుట్లు కూడా ఉంటాయి. డీటీపీలో ఆపిల్ లేఅవుట్ అలవాటైనవాళ్ళకు ఇది పెద్ద వరం, వేళ్ళు కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. మా ప్రింటర్‌కు కంపెనీ ఇచ్చిన లైనక్స్ డ్రైవర్ మింట్‌లో ఎక్కినట్టే ఇక్కడా ఎక్కింది, ఎందుకంటే రెండూ వాడేది అదే డెబ్ రకం ప్యాకేజీ. త్రికోణమితి పేపర్ ఇంట్లోనే కాగితం మీదికి దిగింది, ఒత్తులతో సహా.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. వేసిన రోజు డెస్క్‌టాప్ చూస్తే రంగు వెలిసిన గోడలాగా ఉంటుంది. మింట్‌లో ఉన్న డ్రైవర్ మేనేజర్ లేదు, అప్‌డేట్ మేనేజర్ అంత నెమ్మదిగా, అర్థమయ్యేలా చెప్పేది ఏదీ లేదు. టైమ్‌షిఫ్ట్ ఉంది, మనమే వేసుకోవాలి. సాఫ్ట్‌వేర్ పాతదే ఉంటుంది, ఫైర్‌ఫాక్స్ కూడా ఈఎస్ఆర్ (తక్కువసార్లు మారే, ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్) వస్తుంది. యూట్యూబ్‌కు, శాఖ వెబ్‌సైట్లకు దానితో ఏ తేడా కనిపించలేదు. ఆ పాతదనంలోనే నాకు లాభం ఉంది, సెక్యూరిటీ అప్‌డేట్లు తప్ప పెద్దగా ఏం రావు, డేటా మిగులుతుంది. ఒక వెర్షన్‌కు మూడేళ్ళు పూర్తి సపోర్ట్, ఇంకో రెండేళ్ళు ఎల్‌టీఎస్ (పొడిగించిన సపోర్ట్), అంటే పాప డిగ్రీ దాకా ముట్టుకునే పని లేదు. మొత్తమ్మీద మింట్ వండి చేతికి పెడుతుంది, ఇక్కడ సామాన్లు ఇచ్చి పొయ్యి చూపిస్తారు, ఒక ఆదివారం పెట్టుకోగలిగితే చాలు.

మనవాళ్ళవి కూడా ఉన్నాయి కదా అనేవాళ్ళకు: కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ళ బాస్ లైనక్స్, మన స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు తెలుగులోకి తెచ్చిన ఓఎస్, రెండూ డెబియన్ మీద కట్టినవే. తెలుగు కోసం వాళ్ళు చేసిన పని మీద గౌరవం ఉంది, కానీ పై అంతస్తు గొడవ వద్దనుకుని బయల్దేరిన నేను మళ్ళీ ఇంకో పై అంతస్తు ఎక్కను.

ఇప్పుడు ఎస్ఎస్‌డీలో మింట్, డెబియన్ పక్కపక్కనే ఉన్నాయి. తీసేసిన పాత హార్డ్ డిస్క్‌లో గోస్ట్‌బీఎస్‌డీ వేసి ఉంచాను, లేజర్ ప్రింటర్ మార్చిన రోజు దానికి ఇంకో అవకాశం ఇస్తా. 32-బిట్ పాత నెట్‌బుక్కులు ఉన్నవాళ్ళు మాత్రం డెబియన్ 13 దించుకుని డేటా వేస్ట్ చేసుకోకండి, దానికి 32-బిట్ ఇన్‌స్టాలర్ లేదు, 12తోనే ఆగిపోయింది. హైకూకు ఇంకా ఉంది.